శుక్రవారం పాటలు

ఆ చలికాలం మొదలవుతూనే మా ఆయన నా శుక్రవారాల మీద చెయ్యి వేశాడు.

మాకున్న కాపురమే శుక్రవారం ఒక్క పూట. నేను కువైట్‌లో, రుమైథియాలో ఒక ముసలి మామా, అంటే యజమానురాలి ఇంట్లో వంట చేస్తాను. ఉండేది కూడా అక్కడే, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న గదిలో. మా ఆయన మద్దిలేటి సులైబియా కూరగాయల మార్కెట్ నుంచి హాఫ్ లారీలో సరుకు తోలతాడు. ఆయన ఉండేది మార్కెట్ దగ్గర, ఇంకొందరు డ్రైవర్లతో కలిసి ఒకే గదిలో. శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్న గిన్నెలు కడిగి నేను బయటికొచ్చేసరికి జమియా స్టోరు పక్కన ఆయన బండి ఆగి ఉంటుంది. రాత్రి ఇషా నమాజు వేళకు నేను మళ్లీ మామా వంటింట్లో ఉండాలి. ఆ మధ్యలో ఉన్న కాస్త సేపే మా సంసారం. నేను కువైట్ వచ్చిన పదహారేళ్ల నుంచీ ఇంతే. సముద్రం ఒడ్డున కూర్చుంటాం, మదనపల్లెలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తాం, నేను కట్టుకొచ్చింది తింటాం. గొడవ పడాలన్నా అప్పుడే పడాలి కాబట్టి పెద్దగా గొడవలు కూడా పడలేదు.

నవంబరులో ఒక శుక్రవారం బండి సముద్రం వైపు తిరగలేదు.

"యాడికి?" అన్నాను.

"షువైఖ్‌కు. కొత్త ఆల్బమ్ చేస్తాండా, మే. ఈసారి హార్మోనియం కాదు. గిటార్లు, డ్రమ్ములు. రంజాన్ నెల వచ్చేలోపల అయిపోవాల. శుక్రవారం తప్ప ఎవురికీ తీరదు."

"నాకూ శుక్రవారం తప్ప తీరదు."

"నువ్వు గూడ రా. కూకోని వినొచ్చు," అన్నాడు, అదేదో నాకు మేలు చేస్తున్నట్టు.

మా ఆయన పాటల సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట కువైట్ వచ్చిన కొత్తలో ఆయన ఒక పాట రాసి, తనే బాణీ కట్టి పాడాడు. 'వాకిట్లో నిలబడి ఉంటావు నువ్వు, వడగాలి తగిలినా కదలవు నువ్వు' అని మొదలవుతుంది. ఊళ్లో వదిలేసి వచ్చిన పెళ్లాం గురించి. ఆ క్యాసెట్ ఒకరి నుంచి ఒకరికి పాకి, మా కడప, రాయచోటి వైపు మనిషి ఉన్న ప్రతి గదికీ చేరింది. తరవాత ఎన్ని పాటలు కట్టినా, ఏ మీటింగులో పాడినా, చివరికి అందరూ అడిగేది వాకిలి పాటే. ఇప్పుడు ఆయన అరవైకి దగ్గర పడ్డాడు. జుట్టు నెరిసింది. పాట మాత్రం నెరవలేదు.

ఆ పాటలో ఉన్నది నేనే. అందుకని కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఎక్కడ కలిసినా నా చేతులు పట్టుకుని, "ఆ పాటలో అక్క నువ్వేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. నేను తల ఊపేదాన్ని.

షువైఖ్‌లో ఒక గ్యారేజి. శుక్రవారం మూసి ఉంటుంది. అందులో డెంటింగ్ పని చేసే ఆంజి మా రాయచోటి మనిషే. ఊళ్లో పండగలకు పలక వాయించిన చెయ్యి. ఇక్కడ పాత సామాన్ల సంతలో ఒక డ్రమ్ముల సెట్టు కొనుక్కొచ్చి, పలక వాయించినట్టే దాన్నీ వాయిస్తాడు. గిటారు వాయించేది సూర్యకిరణ్. రాజోలు వాడు, కార్లలో స్టీరియోలు బిగించే పని. ఈ ఆల్బమ్ ఆలోచన అతనిదే. మోత బయటికి పోకుండా గోడలకు దుప్పట్లు వేలాడదీశారు. గ్రీజు వాసన, దుప్పట్ల వాసన కలిసి ఆ చలిలో ఒక రకంగా వెచ్చగా ఉంది.

"రండి పిన్నిగారూ, కూర్చోండి," అని కిరణ్ ఒక కారు సీటు లాగి వేశాడు. "బాబాయ్ గారి పాటని రూట్స్ రాక్ చేసేత్తున్నామండి."

"రూట్సు అంటే ఏంది నాయనా?"

"వేళ్లండి. అంటే మన ఊరి పాటే, మన ఊరి నడకే. పైన గిటారు, డ్రమ్సు పడతాయన్నమాట."

"ఓహో. ముల్లంగి లాగనా," అన్నాను. ఆంజి నవ్వి నవ్వి డ్రమ్ము మీద పడ్డాడు.

నాకు కోపంగానే ఉంది, కానీ వాయించడం మొదలుపెట్టాక కోపం నిలబడలేదు. గిటారు తీగ మోగితే కడుపులో తగిలింది. మా ఆయన గొంతు హార్మోనియం పక్కన ఎప్పుడూ మెత్తగా, జాలిగా ఉండేది. ఆ మోతలో నిలబడాలంటే మెత్తదనం పనికిరాదు. బొంగురుగా, మార్కెట్లో హమాలీలను కేకేసే గొంతుతో పాడాడు. టమాటా పెట్టెల మీద ఒక పాట, ఇసుక గాలిలో దారి తప్పిన బండి మీద ఒక పాట. అది నాకు తెలిసిన మనిషి గొంతు. పాటల్లో ఎప్పుడూ వినపడని గొంతు.

అట్లా డిసెంబరు దాకా గడిచింది. నేను ఫ్లాస్కులో టీ, గుడ్డలో కట్టి అలసంద వడలు తెచ్చేదాన్ని. వాళ్లు వాయించేవాళ్లు, ఆపేవాళ్లు, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టేవాళ్లు. మేమిద్దరం మాట్లాడుకునేది బండిలో పోతూ వస్తూ మాత్రమే.

ఒక శుక్రవారం ఆయన కొత్త పాట తెచ్చాడు. వాకిలి పాటకు ఇది రెండో భాగం అన్నాడు. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"తల నెరిసినా నువ్వు ఇంకా వాకిట్లోనే, తలుపు తీసే ఉంచి ఇంకా వాకిట్లోనే..."

"అబ్బబ్బ, కేకండి బాబూ!" అన్నాడు కిరణ్. "జనం ఊగిపోతారు. ఏమంటారు పిన్నిగారూ?"

అడగకుండా ఉంటే నేనేమీ అనేదాన్ని కాదేమో. అడిగాడు.

"నేనెప్పుడు నిలబడినా వాకిట్లో?" అన్నాను.

గిటారు ఆగింది. నేను మెల్లగానే అన్నాను గానీ అందరికీ వినపడింది.

"పాట కదా వొదినా," అన్నాడు ఆంజి సర్దిచెబుతూ.

"పాటే. ముప్పై ఏండ్ల సంది నిలబడే ఉండా ఆ పాటలో. ఇంగా నిలబడుకోనుండాల్నా? నేను ఈడికొచ్చి పదహారేండ్లాయ. నా వాకిలి యాడుండాదో నాకే తెలీదు."

మా ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా కొక్కేనికి తగిలించాడు. "ఈ పూటకు ఖలాస్," అన్నాడు. జమియా దగ్గర దిగేటప్పుడు, "పోయొస్తా," అంటే తల మాత్రం ఊపాడు.

ఆ వారమంతా ఫోన్ రాలేదు. నేను చేయలేదు. మామాకు చేపలు వండుతుంటే కారం రెండుసార్లు వేశాను. ఆమె ముక్కు తుడుచుకుంటూ నా మొహం చూసింది.

శుక్రవారం బయటికొస్తుంటే బండి ఉంటుందో ఉండదో అనుకున్నాను. ఉంది. ఎక్కాక, షువైఖ్ వైపు కాకుండా సముద్రం వైపు తిప్పాడు. మబ్బు పట్టి ఉంది. ఒడ్డున ఆపి ఇంజను ఆపేశాడు. ఇద్దరం దిగలేదు.

"అయితే ఏం జేస్తాంటివి?" అన్నాడు.

"ఎప్పుడు?"

"నేను ఈడ ఆ పాట రాసేటప్పుడు. వాకిట్లో నిలబడలేదంటివి కదా. మరి ఏం జేస్తాంటివి?"

కాపురమంతటిలో ఆయన నన్ను అడగని ప్రశ్న అది. ఎలా ఉన్నావు, తిన్నావా, అమ్మాయి బాగుందా, అన్నీ అడిగాడు. ఇది అడగలేదు.

"మోపెడ్ నేర్చుకుంటాంటి," అన్నాను.

"ఏందీ?"

"మీ చిన్నాయన పాత మోపెడ్ మూలన పడుంటే తీసుకున్యా. ఆ ఏడు చెనిక్కాయ పైరు ఎండిపాయ. రెండు బర్రెలు మిగిల్యా. పాలు లక్కిరెడ్డిపల్లెకు తీసకపోవాలంటే బస్సు దొరకదు. పాలక్యాను ఎనకాల కట్టుకోని నేనే నేర్చుకున్యా. కల్వర్టు దిగుడు ఉండాదే, ఆడ బ్రేకు యాడుండాదో మర్చిపోయి పడితి. టీ అంగడికాడ మొగోళ్లందరూ చూసి ఒకటే నగుడు."

"ఎవురూ రాలేదా?"

"రాలా. పడితే పడితి గానీ పాలు ఒలకలా. క్యాను ఒళ్లో పట్టుకోనే పడితి. నేనే లేస్తి, ఎవురూ లేపలా. మళ్లా ఎక్కితి." నాకు నవ్వొచ్చింది. "మూడు నెలలకు రాయచోటి దాకా పోయినా. సైడు చూపించేదానికి చెయ్యి చాపితే లారీవోళ్లే ఆగేవాళ్లు. నువ్వు లేవని ఏడిచింది తక్కువ. మోకాలు కొట్టుకపోయి ఏడిచింది ఎక్కువ."

ఆయన నవ్వలేదు. "నాకు చెప్పలేదే?"

"నువ్వు రాసే జాబుల నిండా నేను ఏడుస్తాంటి. మధ్యలో మోపెడ్ యాడ పెట్టేది?"

అద్దం మీద రెండు చినుకులు పడ్డాయి. ఆయన వైపర్ వేయలేదు.

"నువ్వు ఏడుస్తాంటావు అనుకోనే నేను ఈడ బతికినా," అన్నాడు. "నాకోసరం ఒకరు నిలబడి ఉండారని. ఆ మాట లేకుంటే మొదటి ఎండాకాలమే పారిపోయి వచ్చేసేటోన్ని మే."

అది నాకు తెలియదు. ముప్పై ఏళ్లు ఆ పాట నన్ను ఏడిపించడానికి కట్టాడనుకున్నాను. ఆయన ఏడవకుండా ఉండడానికి కట్టుకున్నాడని తోచలేదు.

"గుర్తు రాలేదని కాదు," అన్నాను. "శానా గుర్తొస్తాంటివి. నిలబడుకోని కాదు, బండి మీద పోతా పోతా."

చూస్తే స్టీరింగ్ మీద ఆయన వేళ్లు మెల్లగా ఆడుతున్నాయి. పాత మోపెడ్ ఎత్తు ఎక్కేటప్పుడు కొట్టుకున్నట్టు, ఆగుతూ, అందుకుంటూ.

"మళ్లా జెప్పు. పడితే పడితి... తరవాత?"

వచ్చే శుక్రవారానికి పాట అయింది. ఆ రోజు వాన. కువైట్‌లో వాన అంటే రోడ్లన్నీ చెరువులే. గ్యారేజి రేకుల మీద చినుకుల మోతకు రికార్డింగు ఎట్లా అని మా ఆయన దిగులు పడ్డాడు.

"పడనివ్వండి బాబాయ్ గారూ," అన్నాడు కిరణ్. "వాన కూడా వాయిత్తాది. దానికి కూలి ఇవ్వక్కర్లేదుగా."

ఆంజి కొట్టిన దెబ్బ వినగానే నాకు ఒళ్లు పులకరించింది. అది అచ్చం ఆ మోపెడే. డుగుడుగుమని తడబడి, దిగుట్లో జోరందుకుని. గిటారు దాని పక్కన పరిగెత్తింది. మా ఆయన దారి గురించి, టీ అంగడి గురించి పాడుకుంటూ వచ్చాడు. పల్లవి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"పడితే పడితి, పాలు ఒలకలేదు. లేస్తే లేస్తి, ఎవురూ లేపలేదు."

మళ్లీ పాడాడు. మళ్లీ ఆగాడు. ఆయన గొంతులో అది గొప్ప చెప్పుకున్నట్టుంది. మెత్తగా పాడితే జాలి పడినట్టుంది. ఎన్నిసార్లు పాడినా అంతే. చివరికి హెడ్‌ఫోన్ తీశాడు. కొక్కేనికి తగిలించలేదు. నా దగ్గరకొచ్చి నా చెవుల మీద పెట్టాడు.

"బండి మీద టార్పాలిన్ కట్టినానో లేదో చూసొస్తా," అని బయటికి పోయాడు.

నేను దాన్ని తీయబోయాను. "నేను పాడేదాన్ని కాదు నాయనా," అన్నాను.

"పాడొద్దు పిన్నిగారూ. ఆ మొగాళ్లకి చెప్పండంతే. టీ కొట్టుకాడ నవ్వేరు చూడండి, ఆళ్లకి," అన్నాడు కిరణ్.

ఆంజి మొదలుపెట్టాడు. నేను ఆ టీ అంగడి ఎదురుగా ఉన్నట్టు చూస్తూ చెప్పాను. చెబుతుంటే అది పాటయింది. వంటింట్లో తప్ప ఎక్కడా ఎత్తని గొంతు, ఆ మోతలో నాకే కొత్తగా వినిపించింది. రెండోసారి పల్లవికి కళ్లెత్తి చూస్తే షట్టర్ సగం ఎత్తి ఉంది. దాని కింద మా ఆయన నిలబడి ఉన్నాడు. వాన ఆయన వీపు మీద పడుతోంది. లోపలికి రావడం లేదు.

"ఇంకొక్కసారి తీసుకుందామాండి?" అన్న కిరణ్, తనే మళ్లీ, "వద్దులెండి. వచ్చేసింది," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్లలో బండి మెల్లగా పోతోంది. ఇషాకు ఆలస్యమవుతుందని నాకు తొందరగా ఉండాలి. లేదు.

"ఒక రూము తీసుకుందాం," అన్నాను.

"ఎవురికి?"

"నీకూ నాకూ. రోజూ ఉండేదానికి."

ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. "నీకు ఆ ఇంట్లో అలవాటైపోయిందనుకున్యా. ఎప్పుడూ అడగలేదు కదా నువ్వు."

"నువ్వడగతావని చూస్తాంటి."

"పాటల్లో అంతా అదే కదా మే అడిగింది!"

"పాటల్లో జనాన్ని అడిగినావు. నన్ను యాడ అడిగినావు?" అన్నాను.

ఫిబ్రవరి మొదట్లో, రంజాన్ నెలకు ముందు, అబ్బాసియాలో తెలుగువాళ్ల సంఘం సభ జరిగింది. అక్కడే ఆల్బమ్ విడుదల. 'శుక్రవారం' అని పేరు పెట్టారు. హాలు నిండింది. డ్రైవర్లు, వంటవాళ్లు, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లు, పనివేళ బట్టలతోనే వచ్చినవాళ్లు. టమాటా పెట్టెల పాటకు ఈలలు వేశారు. మోపెడ్ పాట ఇంకా మిగిలి ఉండగానే వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. వాకిలి పాట కావాలట.

మా ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "అది ఈ ఆల్బమ్‌లో లేదప్పా. ఆ పాటలో మనిషి ఇప్పుడు ఆడ లేదు. ఈడనే ఉండాది."

జనం ఊరుకోలేదు. ముందు వరసలో ఒక పిల్లవాడిలాంటి మనిషి, కువైట్‌కు వచ్చి నెలలు కూడా కాలేదేమో, ఏమీ అరవకుండా మా ఆయననే చూస్తున్నాడు. చలికి పెదాలు పగిలి ఉన్నాయి. ఇంటి దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉన్నారని ఆ మనిషికి ఎవరైనా చెప్పాలి. నాకా సంగతి ఆ చలికాలానికి ముందు అర్థమై ఉండేది కాదు.

స్టేజీ పక్కనుంచి, "పాడు," అన్నాను. "వాళ్లకు కావాల."

"నీకు?"

"నాకెందుకు? నా పాట తరవాతుండాది కదా. బిన్నా కానీ, పొద్దుపోతాంది."

పాడాడు. గిటారు లేకుండా, డ్రమ్ములు లేకుండా, పాతకాలం గొంతుతో. నేను మొదటిసారి ఆ పాట హాయిగా విన్నాను. మంచి పాటే. అందులో ఉన్న ఆడమనిషి నాకు తెలియదు గానీ, ఆమె మీద నాకు జాలి వేసింది.

తరవాత ఆంజి కట్టె ఎత్తాడు. నేను కొంగు నడుముకు దోపుకుని మైకు ముందుకు పోయాను. పల్లవికి ముందు వరసల ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. రెండోసారికి వాళ్లూ పాడుతున్నారు. ఎప్పుడూ నా చేతులు పట్టుకుని ఏడ్చే సత్యదుర్గ అనే అమ్మాయి, సాల్మియాలో పిల్లల్ని చూసుకుంటుంది, చెప్పులు వదిలేసి గంతులేస్తోంది. మరుసటి రోజు మదనపల్లె నుంచి అమ్మాయి పాట విని ఫోన్ చేసి, "మా, నీకు బండి వచ్చునా? మరి నన్ను ఎందుకు తోలనియ్యలేదు?" అని తిట్టింది.

రంజాన్ నెలంతా వంటింట్లోనే గడిచింది. పండగ అయ్యాక ఒక పొద్దున మామాకు చాయ్ ఇచ్చి, నేలమీద కూర్చుని సంగతి చెప్పాను. పని మానను, పొద్దున వచ్చి సాయంత్రం పోతాను, నా భర్తతో ఉంటాను అని.

మామా కప్పు దించింది. "నీ భర్త కువైట్‌లోనే ఉన్నాడా?"

"ఉన్నాడు మామా. ప్రతి శుక్రవారం వచ్చేది ఆయనే."

"హాఫ్ లారీ అతనా? వల్లాహ్, నీ అన్న అనుకున్నాను!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తరవాత చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక, "పొద్దున నా చాయ్ వేళకు రావాలి. యల్లా, వెళ్లు," అంది.

ఖైతాన్‌లో ఒక గది దొరికింది. ఒక మంచం, ఒక పొయ్యి, వీధిలోకి ఒక కిటికీ. చేరిన రోజు సామాను సర్దుకోవడంతో సరిపోయింది. మర్నాడు సాయంత్రం నేను ముందు వచ్చాను. ఆయన పని నుంచి వచ్చి తలుపు కొట్టాడు. తాళంచెవి జేబులోనే ఉంది, అయినా కొట్టాడు. కాళ్లు కడుక్కుని మంచం చివర చుట్టంలా కూర్చున్నాడు. ఎక్కడికీ పోనక్కర్లేదు, టైము చూసుకోనక్కర్లేదు.

"ఈపొద్దు ఏం వారం?" అన్నాడు.

"మంగళవారం."

"మంగళవారం పూట ఏం జేస్తారు మే?"

"ఏం జేస్తారు, కూరాకు ఒలుచుకుంటారు," అని చిక్కుడుకాయల పళ్లెం ఆయన ముందుకు తోశాను. నేను ఎదురుగా కూర్చున్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లకు మా ఆయన చిక్కుడుకాయ ఈనె తీయడం మొదటిసారి చూశాను. ఆయనకు రాదు. ఈనెతో పాటు సగం కాయ పోతోంది. తలవంచుకుని ఎంతో శ్రద్ధగా పాడు చేస్తున్నాడు. చేయనిచ్చాను. రేపు బుధవారం ఉంది కదా, రేపు నేర్పొచ్చు.